లోసర్ పండక్కి పిల్లలతో చంద్రగిరి: మా అనుభవం

2025 మార్చి 1, 2 తేదీల్లో పిల్లలిద్దరినీ తీసుకుని ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి వెళ్లొచ్చాం. అప్పుడు అక్కడ టిబెటన్ల కొత్త సంవత్సరం, అంటే లోసర్ పండగ జరుగుతోంది. మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి చేరిపోయేంత దగ్గరలో ఇంకో దేశపు మనుషులు, వాళ్ల భాష, వాళ్ల మఠం, వాళ్ల పండగ ఉన్నాయని మా వైపు చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా మఠం ముందు ఫొటోలు దిగి, దారిలో తప్తపాని వేడినీళ్ల గుండం చూసి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. మేం ఒక ఇంటికి చుట్టాల్లా వెళ్లాం. పిల్లల్ని అలా తీసుకెళ్లాలనుకునేవాళ్లకి ఏమేం జరుగుతుందో, ఎన్నాళ్లు ఆగాలో, ఎంత ఖర్చవుతుందో చెబుదామని రాస్తున్నాను.

మా పుట్టిల్లు విశాఖ. డిసెంబర్లో వెళ్లినప్పుడల్లా అక్కడ టిబెటన్ల కొట్లలో పిల్లలకి స్వెట్టర్లు కొంటాం. కొన్నేళ్లుగా ఒక ఆంటీ దగ్గరే కొంటున్నాం. బేరమాడటానికి సరిపడా తెలుగు ఆవిడకి బాగా వచ్చు. మొన్న డిసెంబర్ చివర్లో, నాలుగో తరగతి చదివే మా చిన్నోడు "ఆంటీ, మీ ఇల్లు మంచులో ఉంటుందా?" అని అడిగాడు. "లేదు నాన్నా, మీ పక్కనే. బరంపురం దాటాక చంద్రగిరి" అంది. పిల్లలు నమ్మలేదు. అప్పుడు ఆవిడే కూర్చోబెట్టి చెప్పింది. వానాకాలంలో మొక్కజొన్న వేస్తారు. పంట ఇంటికొచ్చాక స్వెట్టర్ల మూటలతో ఊళ్లకి బయల్దేరతారు. సంక్రాంతి దాటాక మిగిలిన సరుకు కట్టేసుకుని లోసర్‌కి ఇళ్లకి చేరతారు. "రండి, లోసర్‌కి రండి, పిల్లల్ని తీసుకురండి" అని ఫోన్ నంబర్ ఇచ్చింది.

ఇలాంటి పిలుపులు మర్యాదకి పిలిచేవే అనుకుని చాలాసార్లు వదిలేస్తాం. మా పెద్దది వదల్లేదు. అది ఏడో తరగతి. "ఆవిడ నిజంగానే పిలిచింది కదమ్మా" అని జనవరంతా నా వెనకే తిరిగింది.

ఫిబ్రవరి మొదటివారంలో ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. వారం దాటినా అంతే. పిలిచినావిడే మర్చిపోయిందేమో, మనం ఎగబడుతున్నామేమో అని నాకు మొహమాటం మొదలైంది. మా ఆయన "ఇక వదిలెయ్" అన్నారు కూడా. పది రోజులకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇల్లు సర్దుకునే పనిలో ఉన్నారట, క్యాంపులో, అంటే వాళ్ల ఊళ్లో, సిగ్నల్ సరిగ్గా ఉండదట. ఫిబ్రవరి 28 శుక్రవారం లోసర్ మొదటిరోజు అని, ఆ రోజు ఇంటివాళ్లంతా మఠానికి వెళ్లి తమలో తాము జరుపుకుంటారని, చుట్టాలు రెండోరోజు నుంచి వస్తారని చెప్పింది. మాకు అది కలిసొచ్చింది. రెండోరోజు శనివారం, మూడోరోజు ఆదివారం. బడికి ఒక్కరోజు సెలవు చాలు.

వెళ్లాలనుకునేవాళ్లు తేదీ తప్పకుండా కనుక్కోవాలి. లోసర్ కూడా మన పండగల్లాగే చంద్రుడి లెక్క. 2024లో ఫిబ్రవరి 10న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 28న. పాత తేదీ పట్టుకుని వెళితే ఏమీ ఉండదు.

తర్వాత గది కోసం ఎదురుచూపు. తమ ఇంట్లోనే పడుకోమంది ఆవిడ. కానీ ఢిల్లీలో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి ఇళ్లకి వస్తున్నారు, వాళ్లకే చోటు చాలదు. మఠం దగ్గరున్న ఒక గెస్ట్‌హౌస్‌లో అడిగి చెబుతానంది. పండగ రోజులు కాబట్టి అక్కడా నిండిపోయిందన్నారు. ఆరు రోజుల తర్వాత, ఫిబ్రవరి 22న, ఒక గది ఖాళీ అయిందని కబురొచ్చింది. అడ్వాన్స్ వద్దన్నారు, ఆధార్ ఫొటోలు మాత్రం పంపమన్నారు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మీతో వస్తుంటే మాత్రం సంగతి వేరు. టిబెటన్ సెటిల్‌మెంట్లలో, అంటే వాళ్లు స్థిరపడ్డ ఊళ్లలో ఉండాలంటే వాళ్లకి హోం శాఖ ఇచ్చే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. అది రావడానికి నెలలు పడుతుంది. అమెరికా నుంచి వచ్చే మనవల్ని కూడా తీసుకెళదాం అనుకునే తాతయ్యలు, అమ్మమ్మలు ముందే ఆ సంగతి చూసుకోవాలి.

ఇంట్లో మా అత్తయ్యగారికి ఒకటే భయం, తిండి సంగతి. "అక్కడ ఏం పెడతారో, పిల్లలు ఏం తింటారో" అని. ఆ భయం నాకూ ఉంది. మేం మాంసం తింటాం గానీ బీఫ్ తినం. పిలిచినవాళ్లకి ఆ మాట ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించి, చివరికి ఫోన్‌లో సూటిగా చెప్పేశాను. "అయ్యో, మీ ఊళ్లలో సగం ఏడాది బతుకుతాం, మాకు తెలీదా? పిల్లలకి క్యాబేజీ, బంగాళాదుంప మోమోలు చేస్తా. చికెన్ వేరే గిన్నెలో" అంది. నా గుండెల మీద బరువు దిగింది. ఈ మాట ముందే చెప్పెయ్యండి. వడ్డించాక ప్లేటు పక్కకి నెట్టడం కంటే ఇద్దరికీ అదే గౌరవం.

పిల్లల్ని ఊరికే బండెక్కించి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. మధ్యలో ఒక ఆదివారం శాలిహుండం వెళ్లాం. వంశధార ఒడ్డున గుట్ట మీద స్తూపాలు చూపించాం, మ్యూజియంలో తార అనే బౌద్ధ దేవత విగ్రహం చూపించాం. మన జిల్లాలోనే ఒకప్పుడు బౌద్ధులు ఉండేవారన్న సంగతి ముందు వాళ్లకి పట్టుబడాలనిపించింది. ఇంటికొచ్చాక మ్యాప్‌లో టిబెట్ చూపించి, 1959లో దలైలామా అక్కడి నుంచి మన దేశానికి ఎందుకు రావాల్సి వచ్చిందో, ఆయన వెనక వేలమంది ఎలా వచ్చారో మా ఆయన చెప్పారు. నేను మూడు మాటలు గట్టిగా చెప్పాను. అడక్కుండా ఎవరి ఫొటో తీయకూడదు. ఏదైనా నచ్చకపోతే మొహం చిట్లించకూడదు. ఏ ప్రశ్నైనా అడగొచ్చు, కానీ జవాబు వినాలి. మనం వెళ్లేది జూకి కాదు, పండగ చేసుకుంటున్న మనుషుల ఇంటికి.

శనివారం పొద్దున్న పలాసలో రైలెక్కి బరంపురంలో దిగాం. నలుగురికీ కలిపి టికెట్లు 150 రూపాయల లోపే. అక్కడ రెండు రోజులకి ఒక కారు ముందే మాట్లాడుకున్నాం. స్టేషన్లో దిగి ఫోన్ చేస్తే డ్రైవర్ రానన్నాడు, పెళ్లి బేరం తగిలిందట. పిల్లలతో, సంచులతో స్టేషన్ బయట గంటన్నర నిలబడ్డాం. 5,500కి అనుకున్నది చివరికి 7,000కి కుదిరింది. అదృష్టంకొద్దీ ఆ రెండో డ్రైవర్‌కి తెలుగు బాగా వచ్చు. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్లకి కొదవ లేదు కాబట్టి ఆ గంటన్నరలో కూడా భాషకి ఇబ్బంది పడలేదు.

ఇంకో సంగతి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి చంద్రగిరి అని కొడితే మన తిరుపతి పక్కన ఉన్న చంద్రగిరి కోటకి దారి చూపిస్తుంది. జిరంగ్ అని కొట్టండి, మఠం దగ్గరికే తీసుకెళుతుంది. తప్తపాని దాటి కొండలెక్కాక సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, అందుకని బరంపురంలోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. దిగపహండి వరకు రోడ్డు మామూలే. తర్వాత ఘాట్‌లో మలుపులు. చిన్నోడికి రెండుసార్లు వాంతులయ్యాయి. తప్తపాని దగ్గర టిఫిన్ చేసి కాసేపు ఆగాం. గుండంలో నీళ్లు గంధకం వాసన వేస్తాయి, పిల్లలు ముక్కు మూసుకున్నారు. అంతకుమించి అక్కడ ఆగలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి రోడ్డు పక్కన చెట్ల మధ్య రంగురంగుల జెండాలు కనిపించడం మొదలైంది. కారులో నిద్రపోతున్న ఇద్దరూ లేచి కూర్చున్నారు.

ముందు మఠానికి వెళ్లాం. పద్మసంభవ మహావిహారం. 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. చుట్టూ చిన్న చిన్న కొండలు, ఎండిన మొక్కజొన్న చేలు, వాటి మధ్య అంత ఎత్తు భవనం. లోపల బుద్ధుడి విగ్రహం 21 అడుగులు. చెప్పులు బయట వదలాలి, లోపల ఫొటోలు తీయకూడదు. మన గుళ్లో లాగే ఎడమ నుంచి కుడికి ప్రదక్షిణ, మాణీ చక్రాలు, అంటే మంత్రాలున్న చక్రాలు కూడా అటే తిప్పాలి. పిల్లలకి అది కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది. గోడ మీద ఒక బొమ్మ దగ్గర చిన్నోడు ఆగిపోయి "అమ్మా, తార" అన్నాడు. శాలిహుండంలో రాతి తార, ఇక్కడ ఆకుపచ్చ రంగులో. నేను ఏమీ చెప్పకుండానే వాడు గుర్తుపట్టినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ద్వారం దగ్గర జీవన చక్రం బొమ్మలో నడిమధ్యన పంది, పాము, కోడి ఉన్నాయి. అక్కడున్న ఒక నడివయసు భిక్షువు హిందీలో చెప్పారు: పంది అజ్ఞానం, పాము కోపం, కోడి ఆశ, ఈ మూడే మనిషిని తిప్పుతుంటాయి. పెద్దది "మరి మా తమ్ముడు పాము" అంది. ఆయన గట్టిగా నవ్వారు.

మాట కలిశాక ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. ఆంధ్ర అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. "అమరావతి!" అన్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం చేసినప్పుడు ఆయన కూడా వెళ్లారట. బుద్ధుడు కాలచక్రాన్ని మొట్టమొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం. అంటే మన అమరావతి, ధరణికోట. వేరే దేశం సంగతులు నేర్పుదామని తీసుకెళితే, ఆ దేశం వాళ్లు మన నేలని ఎంత పవిత్రంగా తలుచుకుంటారో మా పిల్లలు విన్నారు. ఆ మాట నేను చెబితే ఒక చెవిన విని వదిలేసేవాళ్లు. ఎర్ర వస్త్రాల్లో ఉన్న ఆయన చెప్పేసరికి కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు.

చాం అనే ముసుగు నాట్యం చూడాలని పెద్దదానికి ఎంతో ఆశ. అది లోసర్‌కి రెండు రోజుల ముందే అయిపోతుందని ఆయనే చెప్పారు. దానికోసమే వెళ్లేవాళ్లు పండగ మొదటిరోజుకి ముందే అక్కడ ఉండాలి.

రెండింటికి ఆంటీ వాళ్లింటికి వెళ్లాం. అక్కడ ఊళ్లని క్యాంపులు అంటారు. అలాంటి క్యాంపులు ఐదున్నాయి. స్వెట్టర్ల కొట్లో ఎప్పుడూ ప్యాంటు, జాకెట్‌లో కనిపించే ఆవిడ ఆ రోజు నేల దాకా జీరాడే చూబా అనే టిబెటన్ దుస్తులు కట్టుకుని, ముందు పంగ్దెన్ అనే చారల గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడింది. చిన్నోడు ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. "తాషీ దెలెక్" అని వాళ్ల పద్ధతిలో పలకరిస్తూ మా మెడలో తెల్లటి ఖాతా కండువాలు వేసింది. పిల్లలు దారంతా నేర్చుకున్న ఆ మాటే తిరిగి చెప్పారు. గుమ్మం లోపల చెక్కపెట్టె పట్టుకుని వాళ్ల అబ్బాయి నిలబడ్డాడు. అందులో ఒకవైపు వేయించిన బార్లీ పిండి వెన్నతో కలిపి, ఇంకోవైపు గింజలు. చిటికెడు తీసుకుని మూడుసార్లు గాల్లోకి చల్లి, కొంచెం నోట్లో వేసుకోవాలి. దేవుడికి పెట్టాక మనం తినడం. ఎలా చేయాలో ఆ అబ్బాయే చేసి చూపించాడు. ఏదైనా ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతో. మేం పలాస జీడిపప్పు రెండు కిలోలు తీసుకెళ్లాం. అది చూసి ఆవిడ నేరుగా దేవుడి గదిలోకి తీసుకెళ్లి పెట్టింది.

ఇక టీ. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ. మా పెద్దది ఒక గుక్క తాగి నా వైపు చూసింది. మొహం మాత్రం చిట్లించలేదు, మాట నిలబెట్టుకుంది. ఇక్కడ ఒక సంగతి ముందే తెలిస్తే మంచిది. ఒక్క గుక్క తాగినా కప్పు మళ్లీ నింపేస్తారు. త్వరగా తాగేసి బయటపడదాం అనుకుంటే నాలుగు కప్పులు తాగాల్సి వస్తుంది. మా ఆయనకి అదే జరిగింది. చాలనుకుంటే కప్పు నిండుగా అలా ఉంచేసి, లేచేముందు తాగాలి. పిల్లలకి తర్వాత తీపి టీ ఇచ్చారు. ఖాప్సే అని పిండితో మెలికలు తిప్పి నూనెలో వేయించిన పిండివంట పళ్లెం నిండా పేర్చి ఉంది. చిన్నోడికి అవి మా అత్తయ్య చేసే గవ్వల్లా అనిపించి, అక్కడి నుంచి కదల్లేదు. జేబులో కూడా వేసుకున్నాడు. ఆ ఇంటి పెద్దావిడ అది చూసి ఇంకో జేబు కూడా నింపింది.

సాయంత్రం మోమోలు చేసేటప్పుడు పిల్లలిద్దర్నీ వంటింట్లో కూర్చోబెట్టుకుంది ఆంటీ. పెద్దది చేసినవి నీళ్లలో విచ్చుకుపోయాయి, అయినా అవే దాని ప్లేటులో పెట్టింది. మగవాళ్లు బయట పాచికలాట ఆడుతున్నారు, పాచికల గిన్నె నేలకేసి కొట్టినప్పుడల్లా గట్టిగా అరుపులు. చీకటి పడ్డాక గుండ్రంగా చేరి పాటలు పాడుతూ మెల్లగా అడుగులు వేస్తూ నాట్యం. ఎవరూ పిల్లల్ని ప్రత్యేకంగా చూడలేదు. చెయ్యి పట్టుకుని వరసలోకి లాగారు, అంతే. నాకు అదే అన్నిటికంటే నచ్చింది. మన పిల్లలు అక్కడ ప్రేక్షకులు కాలేదు.

ఆ రాత్రి ఆ పెద్దావిడ దగ్గర కూర్చున్నాం. ఆవిడ టిబెటన్‌లో చెబుతుంటే ఆంటీ సగం హిందీలో, సగం తెలుగులో మాకు చెప్పింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లిదండ్రులతో రాత్రుళ్లు నడిచి, పగలు దాక్కుని హిమాలయాలు దాటిందట. తల్లిదండ్రులు కొండల్లో రోడ్లు వేసే పనికి వెళ్లేవారట. 1963లో ఒడిశాలో ఈ సెటిల్‌మెంట్ మొదలైంది. వాళ్లు ఇక్కడికొచ్చినప్పుడు చుట్టూ అడవి, ఒంటికి అలవాటు లేని ఎండ. మొదటి వేసవిలో అందరూ వాగులోనే కూర్చునేవాళ్లమని చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అప్పుడు చిన్నోడు అడిగాడు, "మరి ఇప్పుడు మీ ఊరికి ఎందుకు వెళ్లట్లేదు?" అని. నేను బిగుసుకుపోయాను. ఆంటీ ఆ ప్రశ్నని పెద్దావిడకి చెప్పిందో లేదో నాకు తెలియదు. వాడికి మాత్రం ఇలా చెప్పింది: "వెళ్లనివ్వరు నాన్నా. నేను పుట్టింది ఇక్కడే. మా ఊరు నేను చూడలేదు. నా కొడుకూ చూడలేదు." వాళ్ల అబ్బాయి తన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అంటే విదేశీయుడిగా ఇక్కడ ఉండటానికి ఇచ్చే కాగితం, తెచ్చి మా పెద్దదానికి చూపించాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మనిషి కొన్నేళ్లకోసారి ఆఫీసుకి వెళ్లి ఆ కాగితాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. అది మా పెద్దదానికి మింగుడుపడలేదు. గెస్ట్‌హౌస్‌కి వచ్చాక చాలాసేపు నిద్రపోకుండా "అన్నయ్య ఇక్కడే పుట్టాడు కదా" అని అడుగుతూనే ఉంది. నా దగ్గర పన్నెండేళ్ల పిల్లకి సరిపోయే జవాబు లేదు. లేదనే చెప్పాను. ఇలాంటి చోటుకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ ప్రశ్నకి సిద్ధపడి వెళ్లండి. ఖాప్సే, నాట్యం, రంగుల జెండాలు మాత్రమే చూపించి తీసుకొచ్చేస్తే వాళ్ల సంస్కృతిలో సగం దాచినట్టే అని నా అభిప్రాయం.

రాత్రి చలి బాగానే వేసింది. పగలు ఎండ ఉందని దుప్పట్లు తీసుకెళ్లకపోతే పిల్లలు ఇబ్బంది పడతారు. మేం వాళ్ల దగ్గర కొన్న స్వెట్టర్లే వేసుకున్నారు మావాళ్లు.

ఆదివారం, మూడోరోజు, పొద్దున్నే కొత్త జెండాలు కట్టే కార్యక్రమం. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎప్పుడూ అదే వరసలో. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల. మన పంచభూతాలే. వాసన వేసే ఆకులు, కొమ్మలు పోగేసి ధూపం వేశారు, ఆ పొగకి కళ్లు మండాయి. తాడు ఒక కొస చిన్నోడి చేతికిచ్చి చెట్టు దాకా తీసుకెళ్లమన్నారు. చివర్లో అందరి గుప్పిట్లో బార్లీ పిండి పోశారు. మంత్రాలు అయ్యాక ఒక్కసారిగా "లా గ్యలో" (దేవతలకి జయం) అని అరుస్తూ పైకి విసరాలి. జుట్టు, కనుబొమ్మలు, బట్టలు అన్నీ తెల్లబడిపోయాయి. మంచి బట్టలు వేసుకెళ్లొచ్చు గానీ ముదురు రంగువి వద్దు, ఆ పిండి దులిపినా పోదు.

బయల్దేరేముందు ఆ భిక్షువు మళ్లీ కనిపించి పిల్లలు పుట్టిన సంవత్సరాలు అడిగారు. 2012 వేసవిలో పుట్టిన పెద్దది నీటి డ్రాగన్, 2015లో పుట్టిన చిన్నోడు కర్ర గొర్రె. ఆ లోసర్‌తో వచ్చింది టిబెటన్ల లెక్కలో 2152, కర్ర పాము సంవత్సరం. పన్నెండు జంతువులు, ఐదు మూలకాలు కలిసి అరవై ఏళ్లకి ఒక చక్రం. ఇప్పుడు నడుస్తున్న చక్రం 1987లో మొదలైందని ఆయన చెప్పారు. ఇంటికొచ్చాక మా మామయ్యగారు పంచాంగం తీసి చూశారు. మన ప్రభవ నామ సంవత్సరం కూడా 1987లోనే మొదలైంది. మన అరవై, వాళ్ల అరవై ఒకే ఏడు మొదలై పక్కపక్కనే నడుస్తున్నాయి. వాళ్లకి కర్ర పాము వచ్చిన నెలకి, మార్చి 30న, మనకి విశ్వావసు వచ్చింది. రెండూ చక్రంలో 39వ సంవత్సరాలే. మామయ్యగారు ఆ సాయంత్రం వీధి అరుగు మీద వచ్చేపోయేవాళ్లందరికీ ఈ సంగతి చెప్పారు.

ఖర్చు వివరంగా: రైలు రానూపోనూ 300 లోపు, కారు డ్రైవర్ బేటాతో కలిపి 7,000, గది 1,200, జీడిపప్పు 1,800, పళ్లు 400, దారిలో టిఫిన్లు, భోజనాలు 1,100, వెన్నదీపాలకి 200, ఒక జెండాల తాడు 150. మొత్తం పన్నెండు వేల చిల్లర. నగదు తీసుకెళ్లండి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు. ఆంటీ వాళ్లకి డబ్బు ఇవ్వబోతే కోపం తెచ్చుకున్నారు. పిల్లలకి మాత్రం ఖాతా కండువాలో మడిచి తలా వంద రూపాయలు ఇచ్చారు.

ఉగాది రోజు ఆంటీ ఫోన్ చేసింది. పచ్చడిలో ఏమేం వేస్తారో అడిగి రాసుకుంది. వాళ్ల అబ్బాయి, అతని చెల్లెలు మన వైపు జీడితోటలు ఎప్పుడూ చూడలేదట. జూన్‌లో మొక్కజొన్న విత్తేలోపు, మే రెండోవారంలో నలుగురూ వస్తామన్నారు. పొద్దున్న బరంపురంలో ఎక్కితే పలాసలో దిగే బండ్ల టైమింగ్స్ అడిగింది. మా పెద్దది రాసి పంపింది. ఉప్పు టీ మనకి చేయడం రాదు కాబట్టి, వాళ్లకి ఏం పెట్టాలన్నది ఇప్పుడు మా ఇంట్లో రోజూ జరుగుతున్న చర్చ.